కళాశాల – పరిశ్రమ భాగస్వామ్యంతో సాంకేతిక సిబ్బంది తయారీ: శ్రీకాకుళం, విజయనగరం వ్యవసాయాధారిత పరిశ్రమలపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పరిశోధన కేంద్రంలో పుట్టిన పరిజ్ఞానం రైతు పొలానికి చేరే మార్గాన్ని గూర్చి విస్తరణ శాస్త్రంలో విరివిగా చర్చ జరిగింది. అదే పరిజ్ఞానం యంత్రం రూపంలో గ్రామానికి వచ్చినప్పుడు దానిని నడిపేవారు, సరిచేసేవారు, దాని ఫలితాన్ని కొలిచి నమోదు చేసేవారు ఎక్కడి నుండి వస్తారన్న ప్రశ్నకు మాత్రం మన పాఠ్యపుస్తకాలలో చోటు తక్కువ. శాస్త్రవేత్తకూ రైతుకూ నడుమ, యజమానికీ కూలికీ నడుమ ఉండే ఈ మధ్యస్థ సాంకేతిక సిబ్బందిని తయారుచేయడం ఏ ఒక్క సంస్థకూ సాధ్యం కాదు. కళాశాల దగ్గర సిద్ధాంతం, ప్రయోగశాల ఉన్నాయి. పరిశ్రమ దగ్గర యంత్రం, గిరాకీ, గడువు ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపే ప్రయత్నాలు ఉత్తర కోస్తాలో ఏ మేరకు ఫలించగలవు, ఎక్కడ తెగిపోతున్నాయి అన్నది ఈ వ్యాస విషయం.

ఈ ప్రాంతానికి విద్యాసంస్థల కొరత లేదు. విద్యల నగరమని పేరొందిన విజయనగరంలో మహారాజా కళాశాల 1879 నాటికే కళాశాల స్థాయికి చేరింది. నేడు అదే పట్టణంలో 2022లో ఏర్పడిన జేఎన్‌టీయూ – గురజాడ విశ్వవిద్యాలయం, సమీపంలో 1997 నాటి ఎం.వి.జి.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల, నెల్లిమర్ల మండలంలో సెంచూరియన్ విశ్వవిద్యాలయ ప్రాంగణం, రాజాంలో 1997లోనే ఆరంభమైన జి.ఎం.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. వ్యవసాయ విద్యకు 1989లో ఏర్పడిన నైర వ్యవసాయ కళాశాల, ఉద్యాన విద్యకు పార్వతీపురం కళాశాల ఉన్నాయి. ఆమదాలవలసలో గోగునారపై, రాగోలులో వరిపై, విజయనగరంలో చిరుధాన్యాలపై పరిశోధన కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఇన్ని ఉండగా ఈ జిల్లాల యువకులు రైలెక్కి హైదరాబాదుకో చెన్నైకో పోతూనే ఉన్నారు. ఇక్కడి కర్మాగారాలలో కొత్త యంత్రం మొరాయిస్తే దానిని సరిచేసే మనిషి కోసం యజమాని బయటి ఊళ్లకు ఫోను చేస్తూనే ఉన్నాడు. ఈ రెండు వాస్తవాలను ఒకే దృష్టితో చూడవలసి ఉంది.

రెండు శాఖలుగా చీలిన చదువు

ఈ ఎడబాటుకు మూలం విధాన చరిత్రలో ఉంది. అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టం వ్యవసాయ, యాంత్రిక విద్యలను ఒకే కళాశాల కప్పు కిందికి తెచ్చింది. 1914 నాటి స్మిత్–లీవర్ చట్టం ఆ కళాశాలలకు విస్తరణ బాధ్యతను జతచేసింది. 1917లో వచ్చిన స్మిత్–హ్యూస్ చట్టం పాఠశాల స్థాయిలో వ్యవసాయ వృత్తి విద్యకు నిధులిచ్చింది. 1964 జూన్ 12న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ నమూనా ఆధారంగానే రూపొందింది. తొలినాళ్లలో కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం దానికి తోడ్పడింది. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు అంగాలు మనకు ఆ విధంగా సంక్రమించాయి.

వృత్తి శిక్షణ మాత్రం మరో దారిన నడిచింది. పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అంటే మన ఐటీఐలు, కార్మిక శాఖ పరిధిలో పెరిగాయి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కూడా ఆ వైపే చేరింది. ఫలితంగా ఫిట్టరుకు పంట తెలియదు, వ్యవసాయ పట్టభద్రునికి బేరింగు తెలియదు. 2007లో ఉద్యాన విద్యకు వేరుగా విశ్వవిద్యాలయం ఏర్పడటంతో మరో గీత గీసినట్లయింది. ఉద్దానంలోని జీడితోట ఉద్యాన విశ్వవిద్యాలయానికి, తోట అంతరంలో పండిన పంట వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, పిక్కను పగులగొట్టే యంత్రం ఇంజనీరింగ్ కళాశాలకు, దానిపై పనిచేసే స్త్రీ కార్మిక శాఖకు చెందుతాయి. ప్రత్యేకీకరణ వల్ల పరిశోధనకు మేలు జరిగిందనడంలో సందేహం లేదు. కాని కర్మాగారపు గుమ్మంలో నిలబడి చూసినవారికి ఈ నాలుగూ ఒకే పని.

పొరుగున ఒడిశాలోని పర్లాకిమిడిలో జరిగిన ప్రయత్నం ఇక్కడ ప్రస్తావించదగినది. తెలుగు, ఒడియా రెండూ వినిపించే ఆ సరిహద్దు పట్టణంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల 2005లో చేతులు మారి, 2010లో సెంచూరియన్ విశ్వవిద్యాలయమైంది. పట్టా చదువునూ ఐటీఐ స్థాయి నైపుణ్య శిక్షణనూ ఒకే యాజమాన్యం కింద నడపడం, ప్రాంగణంలోనే ఉత్పత్తి యూనిట్లు పెట్టడం ఆ సంస్థ ఎంచుకున్న పద్ధతి. రాజాంలో జి.ఎం.ఆర్. వరలక్ష్మి ఫౌండేషన్ నడిపే నైరెడ్ సంస్థది వేరే పద్ధతి. అక్కడ కళాశాల, నైపుణ్య కేంద్రం పక్కపక్కనే ఉంటూ వేర్వేరు అభ్యర్థులకు పనిచేస్తాయి. ఈ రెండింటిలో ఏది మేలన్న చర్చ కన్నా, ప్రభుత్వ వ్యవసాయ కళాశాల ఈ రెంటిలో ఒకదానినైనా తన నిబంధనల లోపల ఎలా అమలు చేయగలదన్నది మనకు ముఖ్యం.

మూడు వారాల అనుబంధం

వ్యవసాయ పట్టభద్ర విద్యలో పరిశ్రమతో పరిచయానికి ఇప్పటికే ఒక స్థానం ఉంది. 2015లో ప్రారంభమైన ‘స్టూడెంట్ రెడీ’ కార్యక్రమం, ఐదవ డీన్ల కమిటీ పాఠ్యప్రణాళిక కలిసి నాలుగవ సంవత్సరంలో 20 వారాల గ్రామీణ వ్యవసాయ కార్యానుభవాన్ని నిర్దేశించాయి. అందులో గ్రామంలో 8 వారాలు, పరిశోధన కేంద్రం లేదా కృషి విజ్ఞాన కేంద్రంలో 5 వారాలు, సస్య చికిత్సాలయంలో 2 వారాలు, వ్యవసాయాధారిత పరిశ్రమలో 3 వారాలు గడపాలి. పరిచయానికి ఒక వారం, నివేదిక రచనకు, మూల్యాంకనానికి ఒక వారం.

మూడు వారాలు చాలా? చాలదని అందరం అంటాం. నా అనుభవంలో కాలపరిమితి కన్నా పెద్ద లోపం కాలం ఎంపికలో ఉంది. కార్యానుభవం సాధారణంగా ఏడవ సెమిస్టరులో, అనగా ఖరీఫ్ కాలంలో వస్తుంది. ఉద్దానంలో జీడిపిక్కల కొనుగోలు మార్చి నుండి జూన్ వరకు సాగుతుంది. చక్కెర కర్మాగారంలో గానుగ శీతాకాలంలో తిరుగుతుంది. వరి మిల్లుకు కొత్త ధాన్యం నవంబరు తరువాతనే చేరుతుంది. ఖరీఫ్‌లో వెళ్లిన విద్యార్థికి చక్కెర మిల్లులో విప్పి పెట్టిన రోలర్లు, వరి మిల్లులో పాత నిల్వలు కనిపిస్తాయి. ఒక్క గోగు మాత్రమే అతని కాలానికి కలిసివస్తుంది, ఎందుకంటే కోతా ఊరవేతా వానాకాలం చివరన పడతాయి. పంటల క్యాలెండరును రైతుకు బోధించే కళాశాల పరిశ్రమల క్యాలెండరును తన సెమిస్టరుకు అన్వయించుకోలేకపోవడం విచిత్రంగానే ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం నా పర్యవేక్షణలో ఒక విద్యార్థి బృందం ఇలాగే ఒక కర్మాగారంలో మూడు వారాలు గడిపింది. యంత్రాలు ఆగి ఉన్న కాలమది. వారికి అప్పగించిన పని గేటు దగ్గర రిజిస్టరులో లారీల నంబర్లు రాయడం. నివేదికలు మాత్రం చక్కగా వచ్చాయి. ఉత్పత్తి ప్రక్రియ పటం సహా అన్నీ పాత బ్యాచి నివేదికల నుండి వచ్చినవే. ఆ సంగతి గ్రహించిన తరువాత కూడా మార్కుల పట్టీ మీద సంతకం చేసినవాడిని నేనే. కర్మాగారాన్ని నిందించడానికి అక్కడ ఏమీ లేదు. మేము ఏం నేర్పమని అడిగామో వారికి రాసి ఇవ్వలేదు.

2024–25 నుండి అమలుకు వచ్చిన ఆరవ డీన్ల కమిటీ ప్రణాళిక కొంత వెసులుబాటు కల్పించింది. మొదటి సంవత్సరం తరువాత ధ్రువపత్రంతో గాని, రెండవ సంవత్సరం తరువాత డిప్లొమాతో గాని చదువు నిలిపివేయదలచినవారు 10 వారాల ఇంటర్న్‌షిప్ పూర్తిచేయాలి. వేసవి సెలవులలో పడే ఈ 10 వారాలు ఉద్దానపు పిక్కల కాలానికి సరిగా సరిపోతాయి. చదువు మానేవారి కోసం ఉద్దేశించిన ఈ ఏర్పాటును చదువు కొనసాగించేవారికి కూడా ఐచ్ఛికంగా తెరిచి ఉంచే ఆలోచన చేయదగినది.

పలాస: పౌండు లెక్క తెలిసినవారి కోసం

పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమను కాస్త వివరంగా చూడాలి. ఈ ప్రాంతంలో భాగస్వామ్యానికి అంతకన్నా సిద్ధంగా ఉన్న రంగం లేదని నా అభిప్రాయం. చుట్టూ ఉద్దానం తోటలు, పట్టణంలో చిన్న, మధ్యతరహా కర్మాగారాలు గుంపుగా ఉన్నాయి. స్థానిక పిక్క చాలక ఆఫ్రికా దేశాల నుండి దిగుమతి చేసుకొని ఏడాది పొడవునా ఆడించే యూనిట్లూ ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చిన తరువాత ముడిసరుకు సమస్య మరింత తీవ్రమైంది. కొత్తగా నాటిన మొక్క పూర్తి కాపుకు రావడానికి సంవత్సరాలు పడుతుంది గనుక ఆ లోటు ఒక్క సీజనుతో పూడేది కాదు.

ముడిసరుకు కొరవడినప్పుడు ఉన్న సరుకులో నష్టం తగ్గించేవాడి విలువ పెరుగుతుంది. జీడి వర్తకంలో 80 కిలోల బస్తాను ప్రమాణంగా తీసుకుంటారు. ఆ బస్తా నుండి ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందన్నదే పిక్క నాణ్యతకు కొలత. దీనినే ‘అవుట్‌టర్న్’ అంటారు. 48 పౌండ్ల సరుకంటే బస్తాకు సుమారు 21.8 కిలోల పప్పు, అనగా 27 శాతం. 44 పౌండ్ల సరుకైతే 20 కిలోలే. తేడా బస్తాకు 1.8 కిలోలు. వంద బస్తాల లారీలో 180 కిలోల పప్పు. నమూనా తీసే పద్ధతిలో పొరపాటు జరిగితే యజమాని నష్టపోతాడు, లేదా తన సరుకుకు తక్కువ కట్టించుకొని రైతు నష్టపోతాడు. ఈ లెక్క చేయడానికి ఎనిమిదో తరగతి గణితం చాలు. నమూనా ఏ బస్తాల నుండి, ఎంత, ఎలా తీయాలో తెలియడానికి మాత్రం గణాంకశాస్త్రం చదివినవారు కావాలి. నమూనా సేకరణ సిద్ధాంతాన్ని మనం ప్రతి విద్యార్థికీ బోధిస్తున్నాం. దానికి ఉదాహరణగా జీడిపిక్కల లారీని ఎవరైనా వాడారా అన్నది సందేహమే.

కర్మాగారం లోపల పని వరుస అందరికీ తెలిసిందే: ఆవిరి పట్టడం, తొక్క పగులగొట్టడం, ఆరబెట్టడం, పొర తీయడం, గ్రేడు చేయడం, డబ్బాలకెత్తడం. వరుస తెలిసినంత మాత్రాన అందులోని సున్నితాలు తెలియవు. పొర ఊడాలంటే పప్పు బాగా ఆరాలి. ఎక్కువ ఆరితే గుండు పగిలి బద్దలు, ముక్కలు అవుతుంది. పొర తీసిన తరువాత 5 శాతం లోపు తేమతో ప్యాకింగుకు పంపాలి. గ్రేడు పేరులోని అంకె ఒక పౌండుకు తూగే గుండ్ల సంఖ్యను తెలుపుతుంది. డబ్ల్యూ-180 పెద్ద పప్పు, డబ్ల్యూ-320 చిన్నది. గుండుకూ బద్దకూ ధరలో గల వ్యత్యాసమే కర్మాగారపు లాభనష్టాలను నిర్ణయిస్తుంది. కాబట్టి ఆరబెట్టే గది ఉష్ణోగ్రతను గమనించే మనిషి నిజానికి కర్మాగారంలోకెల్లా ఖరీదైన నిర్ణయాలు తీసుకునే మనిషి. అనేక చోట్ల ఆ పని చేతితో తడిమి, పంటితో కొరికి చూసే అనుభవజ్ఞుల మీద ఆధారపడి ఉంది. ఆ అనుభవాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తేమ కొలిచే పరికరం చూపే అంకెతో దానిని పోల్చి రాసిపెట్టుకొంటే అది మరొకరికి నేర్పదగిన విద్య అవుతుంది. ఈ పోలిక పట్టీ తయారుచేయడం ఆహార సాంకేతిక విద్యార్థికి మంచి ప్రాజెక్టు.

ఇందులో మానవ సమస్య ఒకటుంది. పిక్క కొట్టడం, పొర తీయడం, గ్రేడు చేయడం తరతరాలుగా స్త్రీల పని. తొక్కలోని నూనె తగిలి వేళ్లు కాలినా ఆ పనితోనే కుటుంబాలు నిలబడ్డాయి. ఇప్పుడు తొక్క పగులగొట్టే యంత్రాలు, గాలి ఒత్తిడితో పొర తీసే యంత్రాలు, కెమెరా సాయంతో రంగును బట్టి పప్పును వేరుచేసే యంత్రాలు వచ్చాయి. యంత్రం వచ్చిన చోట పది చేతుల పని రెండు చేతులకు తగ్గుతుంది. ఆ రెండు చేతులు ఎవరివి? ఎవరూ పూనుకోకపోతే అవి యంత్రం అమ్మిన సంస్థ పంపిన పరాయి ఊరి యువకునివి అవుతాయి. పొర తీసిన పప్పును కంటితో చూసి గ్రేడు చెప్పగలిగిన స్త్రీకి, రంగు యంత్రపు హద్దులను సరిచేయడం నేర్పడం కష్టమేమీ కాదు. మంచి పప్పు ఏదో, మచ్చ పప్పు ఏదో ఆమెకు ముందే తెలుసు. తెలియనిది తెర మీది మీటలు మాత్రమే. యంత్రం మాత్రమే తెలిసిన యువకునికి పప్పు గుణం నేర్పడానికి సీజన్లు పడతాయి. శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం ఈ లెక్క మీద జరిగితే భాగస్వామ్యపు స్వరూపమే మారుతుంది. ఆమెకు కావలసింది నాలుగేళ్ల పట్టా కాదు. పనివేళల తరువాత వారానికి రెండు పూటలు, తెలుగులో, కర్మాగారంలోనే జరిగే తరగతి, చివర విశ్వవిద్యాలయ ముద్ర గల ధ్రువపత్రం. వేతన బేరంలో ఆ కాగితానికి విలువ ఉంటుంది.

చట్టపరమైన చిక్కు ఒకటి గమనించాలి. అప్రెంటిస్ నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది గల సంస్థలు వారి సంఖ్యలో 2.5 నుండి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. 4 నుండి 29 మంది ఉన్న సంస్థలకు ఇది ఐచ్ఛికం. చిన్న యూనిట్లు అధికంగా ఉండే ఇటువంటి పట్టణంలో చట్టపు బలవంతం అందరినీ తాకదు. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో 25 శాతం, నెలకు రూ. 1,500కు మించకుండా, కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. ఒక్కో చిన్న యజమాని ఈ కాగితాల పని పెట్టుకోడు. ఉత్పత్తిదారుల సంఘం తరఫున కళాశాల ఆ పనిని మోయగలిగితే పది యూనిట్లు కలిసి ఒక బ్యాచిని తీసుకోవచ్చు. జర్మనీలో 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం నిలబడినది ఇటువంటి సంఘాల మీదనే. అభ్యాసకునికి భత్యం ఇచ్చేది కర్మాగారం, వారంలో ఒకటి రెండు రోజులు చదువు చెప్పేది వృత్తి పాఠశాల, పరీక్ష పెట్టేది వర్తక, పారిశ్రామిక మండలి. మన దగ్గర మూడో కాలు కొరవడింది. యజమానే శిక్షకుడై, యజమానే పరీక్షకుడైతే ఆ ధ్రువపత్రాన్ని పక్క కర్మాగారం కూడా నమ్మదు.

గోగునార చెప్పే జాగ్రత్త

ఒకే పరిశ్రమను నమ్ముకున్న శిక్షణ ఎంత బలహీనమో గోగునార చరిత్ర చెబుతుంది. ఆమదాలవలస కేంద్రం గోగు రకాలను విడుదల చేస్తూ వచ్చింది. నారకు గిరాకీ నెల్లిమర్ల, బొబ్బిలి, చిట్టివలస జూట్ మిల్లుల నుండి వచ్చేది. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. మిగిలినవి కూడా ఒడిదుడుకులు చూశాయి. మిల్లు ఆగినప్పుడు మగ్గం నడిపే కార్మికునితో పాటు నార గ్రేడు తెలిసిన మనిషి, ఊరవేతకు నీటి గుంట సిద్ధం చేసే మనిషి కూడా వేరే పని వెతుక్కుంటారు. గోగు విస్తీర్ణం తగ్గడానికి ఊరవేత నీటి కొరత, కూలి ఖర్చు, ధర వంటి కారణాలెన్నో ఉన్నాయి. అందులో ఈ నైపుణ్యాల చెదురుబాటు కూడా ఒకటని నేను భావిస్తున్నాను. మిల్లు మళ్లీ తెరిచినంత మాత్రాన అవి తిరిగి రావు. అందువల్ల శిక్షణను ఒక కర్మాగారపు యంత్రానికి కాక, బాయిలరు, మోటారు, తేమ కొలత, నాణ్యతా నమోదు వంటి ఏ కర్మాగారంలోనైనా పనికివచ్చే అంశాలకు ముడిపెట్టాలి. జీడి కర్మాగారపు బాయిలరు నేర్చినవాడు వరి మిల్లులో ఉప్పుడు బియ్యపు విభాగంలో బతకగలడు. పైడిభీమవరం ఔషధ పరిశ్రమల్లో కూడా అతనికి అవకాశం ఉంటుంది.

చోడి, సామ, కొర్ర శుద్ధి యంత్రాల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. విజయనగరం కేంద్రం నుండి వచ్చిన చంపావతి, భారతి, శ్రీచైతన్య వంటి చోడి రకాలు పేరుపొందాయి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం సందర్భంగా శుద్ధి యంత్రాల మీద ఆసక్తి పెరిగింది. మన్యంలో సామ పొట్టు తీసే యంత్రానికి జల్లెడ మార్చడం, రాయి వేరుచేయడం తెలిసిన మనిషి దొరకడమే అక్కడి అసలు సమస్య. ఆ మనిషి ఊళ్లోనే ఉండాలి. కొండ దిగి మెకానిక్కును తెచ్చేలోగా వారం గడిచిపోతుంది.

డ్రోన్: పైలటు ఒక్కడే చాలడు

సాంకేతిక సిబ్బంది అనగానే ఇప్పుడు అందరి దృష్టీ డ్రోన్ మీదికి పోతున్నది. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నిబంధనల ప్రకారం 18 నుండి 65 సంవత్సరాల వయస్సు, పదో తరగతి ఉత్తీర్ణత ఉండి, అనుమతి పొందిన సంస్థలో శిక్షణ పూర్తిచేసినవారు రిమోట్ పైలట్ ధ్రువపత్రానికి అర్హులు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు సమీపంలోని లాంలో పౌర విమానయాన డైరెక్టరేట్ అనుమతితో ఈ శిక్షణ నడుపుతున్నది. 2023 నవంబరులో ఆమోదం పొందిన ‘నమో డ్రోన్ దీదీ’ పథకం 15,000 స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు అందించాలన్న లక్ష్యంతో రూపొందింది. ఎరువుల కంపెనీలు కూడా ఇందులో పాలుపంచుకున్నాయి.

ఈ పథకంలో నాకు నచ్చిన అంశం దాని శిక్షణ నిర్మాణం. ఎంపికైన మహిళకు 15 రోజుల శిక్షణలో 5 రోజులు పైలటు పని, 10 రోజులు పోషకాలు, పురుగుమందుల పిచికారీకి సంబంధించిన వ్యవసాయ విషయాలు. అంతేకాక అదే సంఘం నుండి గాని కుటుంబం నుండి గాని యంత్ర మరమ్మతుపై ఆసక్తి గల మరొకరికి సహాయక సాంకేతిక శిక్షణ. ఎగరవేయడం మూడో వంతు, పంట రెండు వంతులు, పక్కన మరమ్మతు చేతి మనిషి. ఈ పాళ్లు సరైనవే.

ఎందుకో చూద్దాం. చేతి పంపుతో ఎకరానికి 150 నుండి 200 లీటర్ల ద్రావణం వాడే చోట డ్రోన్ సుమారు 10 లీటర్లతో సరిపెడుతుంది. ఎకరానికి వేసే మందు మోతాదు మారదు, నీరు తగ్గుతుంది. అనగా ట్యాంకులోని ద్రావణం చాలా గాఢంగా ఉంటుంది. మోతాదు లెక్కలో చిన్న పొరపాటు, నాజిల్ అరుగుదల, గాలి వాటాన పక్క పొలానికి కొట్టుకుపోవడం వంటివన్నీ ఆ మేరకు పెద్ద నష్టాలవుతాయి. సముద్రపు గాలి పగలు పొద్దెక్కేకొద్దీ బలపడే ఈ తీరప్రాంతంలో పిచికారీకి అనువైన వేళ ఉదయపు కొద్ది గంటలే. ఆ కొద్ది గంటలలో బ్యాటరీ మొరాయిస్తే ఆ రోజు పని పోయినట్లే.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన మరో విషయం గగనతల హద్దులు. నిబంధనల ప్రకారం పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుండి 8 కిలోమీటర్ల లోపల ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ ఎగురవేయరాదు. 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు వరకే స్వేచ్ఛ. భోగాపురం విమానాశ్రయం పనిచేసే రోజు నుండి చుట్టుపక్కల మండలాల వరి, వేరుశనగ పొలాలకు ఈ హద్దు వర్తిస్తుంది. గ్రామం వారీగా ఏ సర్వే నంబరు ఏ మండలపు రంగులో పడుతుందో చూపే పటం ఒక విద్యార్థి బృందం ఒక సెమిస్టరులో తయారుచేయగల పని. ఇంజనీరింగ్ కళాశాలలో భౌగోళిక సమాచార వ్యవస్థ నేర్చిన విద్యార్థి, నైర కళాశాల విద్యార్థి కలిసి కూర్చుంటే అది సాధ్యం. ఇద్దరూ విడివిడిగా చేస్తే ఒకరికి పంట రాదు, మరొకరికి పటం రాదు.

ఒప్పందపు కాగితంలో ఏముండాలి

అవగాహన ఒప్పందాల సంఖ్యను వార్షిక నివేదికలలో లెక్కించడం అలవాటైంది. సంతకం రోజు ఫోటోలో ఉన్న అధికారులు బదిలీ అయ్యాక ఆ కాగితం ఏ బీరువాలో ఉందో చెప్పేవారుండరు. నా దృష్టిలో ఒప్పందంలో ముందుగా తేలవలసినది డబ్బు సంగతి కూడా కాదు, పాడైన సరుకు సంగతి. నేర్చుకొనేవాడు సరుకు పాడుచేస్తాడు. అది చదువులో భాగం. పిక్క పగులగొట్టే యంత్రం దగ్గర విద్యార్థి మొదటి వారంలో చేసిన ముక్కల నష్టం ఎవరిది? ఇది తేలకపోతే యజమాని విద్యార్థిని యంత్రం దగ్గరికి రానివ్వడు, గేటు రిజిస్టరు దగ్గర కూర్చోబెడతాడు. శిక్షణ కోసం కొద్ది బస్తాలను కళాశాల కొని ఇవ్వడం దీనికి అతి చవకైన పరిష్కారం. ముక్కలనూ అమ్ముకోవచ్చు గనుక నికర నష్టం స్వల్పం.

రెండవది ప్రమాద బీమా. కార్యానుభవ విద్యార్థులకు కళాశాల బీమా ఏర్పాటు చేసినా కర్మాగారంలో యంత్రం వద్ద పనికి అది వర్తిస్తుందా అన్నది రాతపూర్వకంగా ఉండాలి. మూడవది బోధకుని సమయం. సహాయ ఆచార్యుడు ఏడాదికి రెండు వారాలు కర్మాగారంలో గడిపితే దానిని సెలవుగా కాక విధిగా లెక్కించాలి. పదోన్నతి లెక్కలలో పరిశోధన పత్రానికి ఉన్న విలువ కర్మాగారంలో పరిష్కరించిన సమస్యకు లేనంతకాలం, ఉత్సాహవంతుడైన యువ బోధకుడు కూడా పత్రమే రాస్తాడు. అతన్ని తప్పుపట్టలేం.

విద్యార్థి వైపు నుండి కూడా మాట్లాడాలి. వ్యవసాయ పట్టభద్రులలో, డిప్లొమా చేసినవారిలో ఎక్కువమంది లక్ష్యం ప్రభుత్వోద్యోగమే. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు గ్రామ వ్యవసాయ సహాయకుల నియామకాలు ఒక్కసారిగా జరిగాయి. ఆ తరువాతి బ్యాచిల విద్యార్థులు తదుపరి ప్రకటన కోసం శిక్షణ కేంద్రాలలో కూర్చున్నారు. పరిశ్రమలో మొదటి జీతం తక్కువ, ఉద్యోగ భద్రత లేదు, ఇంట్లో గౌరవమూ తక్కువే. ఈ విషయాలను పక్కనపెట్టి ‘వైఖరి మార్చుకోండి’ అని విద్యార్థులకు హితబోధ చేయడం సరికాదు. పరిశ్రమ మొదటి ఏడాది జీతాన్ని, రెండో ఏడాది పెంపును ముందే ప్రకటించగలిగితే, అప్రెంటిస్ కాలాన్ని అనుభవంగా పరిగణిస్తే, పోటీ పరీక్షల పుస్తకాలు మూసి వచ్చేవారు కొందరైనా ఉంటారు.

పనిని చిన్నగా మొదలుపెట్టడం మేలు. పలాసలో సంఘం ద్వారా కొన్ని యూనిట్లు, నైర, పార్వతీపురం కళాశాలల నుండి కొద్దిమంది విద్యార్థులు, కర్మాగారాలలో ఇప్పటికే పనిచేస్తున్న స్త్రీలలో నుండి అంతే సంఖ్యలో అభ్యాసకులు. ఈ రెండు వర్గాలూ ఒకే యంత్రం దగ్గర జంటలుగా కూర్చుంటే, అంకె తెలిసినవారు అంకెను, పప్పు తెలిసినవారు పప్పును నేర్పుకొంటారు. పిక్కల కొనుగోలు మార్చిలో మొదలవుతుంది. విశ్వవిద్యాలయ అకడమిక్ కౌన్సిల్ అనుమతి, బీమా పత్రం, శిక్షణ బస్తాల కొనుగోలు ఉత్తర్వు డిసెంబరు నెలాఖరుకు చేతికి రావాలి. జనవరిలో తేమ కొలిచే పరికరాలను ప్రయోగశాలలో సరిచూసి, ఫిబ్రవరిలో పర్యవేక్షక బోధకులు కర్మాగారాలలో వారం రోజులు పనిచేసి చూడాలి. బోధకులు చేసి చూసిన పనులనే శిక్షణ పట్టికలో చేర్చాలి.